చెంచమ్మ వదిన అరగంట

గోడ గడియారం ఇంటికి వచ్చిన రోజు చేయవలసిన పనులు ఇవీ. నడవలో గోడ దులిపి, పెచ్చులు రాలినచోట మట్టి మెత్తి సున్నం పూయాలి. మేకు దిగేచోట లోపల ఇటుక ఉందో వట్టి మట్టే ఉందో తట్టి చూడాలి. ధాన్యం గదిలోంచి బల్ల మోసుకొచ్చి వేయాలి. పెట్టెలో గడియారం చుట్టూ కుక్కిన గడ్డి తీసి, అందులో మరలేమైనా పడ్డాయేమో వెతకాలి. అద్దం గీత పడకుండా తుడవాలి. కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, కర్పూరం అందుబాటులో పెట్టాలి. పెట్టెలో వచ్చిన ఇంగ్లీషు కాగితం చదివి అర్థం చెప్పాలి. మేకు కొట్టాలి. చూడవచ్చిన వాళ్ళకు కాఫీ కాచాలి, చాలకపోతే మళ్ళీ కాచాలి. అందరూ పోయాక బల్ల యథాస్థానంలో పెట్టి, రాలిన సున్నం ఊడ్చి, నేల తడిగుడ్డతో తుడవాలి. వీటిలో మేకు కొట్టడం ఒక్కటే మగవాళ్ళు చేశారు. మిగిలినవి నేనూ, మా చెంచమ్మ వదినా చేశాం. సాయంత్రానికి ఊళ్ళో చెప్పుకున్నది మాత్రం, రంగనాయకులు గడియారం పెట్టినాడంట, ఎంత బాగా పెట్టినాడో అని.

రంగనాయకులు నా భర్త. పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తా. ఎస్సెల్సీ దాకా చదివారు. నేను బి.ఏ. మా నాయన చిట్టమూరు పక్క కౌలు సేద్యం చేసుకునే మనిషి. ఆయనకు వేలిముద్ర తప్ప సంతకం రాదు. నేను డిగ్రీ కాగితం తెచ్చి చూపించిన రోజు దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఏ పక్క పైకి ఉండాలో తెలియక, నా మొహం చూశాడు. ఆ మనిషి కూతురిని కాబట్టి నాకు పెద్దవాళ్ళ మాట జవదాటడం చాలాకాలం చేతకాలేదు. పెళ్ళయిన ఏడాదికి ముత్తుకూరు స్కూల్లో పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. మా అత్తగారి ఊరు ముత్తుకూరుకు తూర్పున, ఇసుక దిబ్బలకు ఇవతల ఉంటుంది. స్కూలుకు పొలాల గట్లమీద నడిచి పోవాలి. "ఉద్యోగం చేసే కోడలుండే ఇంట్లో గడియారం లేకపోతే ఎట్టా?" అని మా మామగారు జయరామయ్య మద్రాసు పోయినప్పుడు కొనుక్కొచ్చారు. అంటే ఆ గడియారం నా పేరుతో ఆ ఇంటికి వచ్చింది. అది పంతొమ్మిదివందల అరవై ఒకటి.

కాగితం చదవడం నా వంతయింది. ఆయన బల్ల మీద నిలబడ్డారు, నేను కింద నిలబడ్డాను. మామగారు కుర్చీలో కూర్చున్నారు.

"గడియారం గోడకు తగిలించినాకనే లోలకం తగిలించాలంట" అన్నాను. ఆయన అప్పటికే లోలకం తగిలించుకుని గడియారాన్ని చంకలో ఎత్తి పట్టుకుని ఉన్నారు. లోపల అది టపటపా కొట్టుకుంటోంది.

"ముందే చెప్పాల గదా!"

"ఇప్పుడే ఆ వాక్యం వచ్చిందండీ."

"నిన్ను చదవమన్నా గాని సతాయించమన్లేదు."

నేను తరువాతి వాక్యం చదివాను. ముల్లును ఎప్పుడూ వెనక్కి తిప్పకూడదు. ముందుకు తిప్పేటప్పుడు కూడా పన్నెండు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఆగి, గంటలు కొట్టనివ్వాలి. గడియారం ముందుంటే లోలకాన్ని నిలిపి, లోకంలో కాలం దాన్ని అందుకునేదాకా ఆగి, మళ్ళీ ఊపాలి. గడియారం రోజూ ముందుకు పోతుంటే లోలకం గుండు కిందున్న మరను వదులు చేసి గుండును దించాలి. వెనకబడుతుంటే మర బిగించి గుండును ఎత్తాలి. రెండు వైపుల చప్పుడూ సమానంగా వినిపించాలి, లేకపోతే గడియారం నిలిచిపోతుంది. ఇదంతా చదివి తెలుగులో చెప్పాను. "ఇంతేనా? ఇదంతా ఎవురికి తెలీదు?" అన్నారు మామగారు.

చప్పుడు సమానంగా లేదు. ఒక టిక్కుకూ తరువాతి టక్కుకూ మధ్య సందు ఎక్కువ, ఆ టక్కుకూ మళ్ళీ వచ్చే టిక్కుకూ మధ్య తక్కువ. మా గోడ మట్టిగోడ, కింద లావు, పైన సన్నం. దాని ఏటవాలు అంచును నమ్ముకుని పెట్టిన గడియారం పక్కకు ఒరిగింది. వంటింట్లోకి కూడా ఆ కుంటుడు వినపడుతోంది. చెప్పాను. "కొత్తది గదా, అలవాటు పడాల" అన్నారు మామగారు, కొత్త ఎద్దు గురించి అన్నట్టు. మర్నాడు మధ్యాహ్నానికి అది నిలిచిపోయింది.

మా అత్తగారు వెంకటశేషమ్మ వక్కలు కత్తిరిస్తూ, "ఇంట్లో ఎవురన్నా ముట్టుతో ఉండి దాని కిందుగా నడిచినారేమో కనుక్కోండి" అన్నది. ఎవరన్నా అంటే ఎవరు? ఇంట్లో ఆ వయసులో ఉన్నది నేనూ వదినా. నా భర్త నా వైపు తిరిగి, తండ్రి ముందర, "ఏమే, నువ్వేనా?" అని అడిగారు. కాదన్నాను. నేను క్లాసులో నలభైమంది పిల్లల ముందు నిలబడి భూమి సూర్యుడి చుట్టూ తిరగడం చెప్పే మనిషిని. నడవలో నిలబడి, నా నెల ఎప్పుడో మామగారికి వినిపించేట్టు చెప్పుకున్నాను. గడియారం ఒరిగింది కాబట్టి నిలిచిందని మళ్ళీ చెప్పబోతే, "సరేలే, తెలివి" అన్నారు ఆయన.

మగవాళ్ళు పోయాక బల్ల ఎక్కాను. వదిన వాకిట్లో కాపలా నిలబడింది. గడియారం పెట్టె అడుగు భాగాన్ని వేలితో కొంచెం ఎడమకు తోసి, లోలకం ఊపి విన్నాను. ఇంకొంచెం తోశాను. మళ్ళీ విన్నాను. మూడోసారికి చప్పుడు సమానమైంది. పెట్టె కదలకుండా వెనక పోస్టుకార్డు ముక్క మడిచి దోపాను.

"కుంటడం మానింది అమ్మాయ్" అన్నది వదిన వాకిట్లోంచే.

సాయంత్రం మామగారు వచ్చి, కుర్చీలో కూర్చుని, విని, "చూసినారా? అలవాటు పడుద్దని చెప్పినానా లేదా?" అన్నారు. వదిన పైట చెంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పరిగెత్తింది. ఆమె అంత నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

చెంచమ్మ వదిన నా భర్తకు అక్క. పెళ్ళయి కొద్దికాలానికే ఆమె మొగుడు పాము కరిచి పోయాడు. పుట్టింటికి వచ్చేసింది. బొట్టూ గాజులూ లేని మనిషి ఇంట్లో ఎక్కడ ఉండాలో ఎక్కడ ఉండకూడదో ఆమెకు ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. శుభకార్యం ఉంటే పెరట్లో ఉండేది. బంధువులు వస్తే పొయ్యి దగ్గర ఉండేది. ఇంట్లో ఆమె తినడం చూసినవాళ్ళు లేరు, అందరూ తిన్నాక గిన్నెలు మాత్రం ఖాళీ అయ్యేవి. కొట్టుడు, దంపుడు, పాలు, పేడ, నీళ్ళు అన్నీ ఆమెవే. నేను ఉద్యోగానికి పోతున్నానంటే ఆమె భుజాల మీద కాలు పెట్టి పోతున్నానని నాకు తెలుసు. "వదినా, ఇది నేను చేస్తా" అంటే, "నువ్వు చదువుకున్న చేతుల్దానివి, పో, బెల్లు కొడతారు" అని తరిమేది.

అన్నింటికన్నా కష్టం నీళ్ళు. మా ఊరి బావుల్లో ఉప్పునీళ్ళు. తాగే నీళ్ళు ఊరి బయట ఇసుకలో తవ్విన దొరువు నుంచి తెచ్చుకోవాలి. దొరువంటే పెద్ద గుంట. లోపలికి దిగడానికి ఇసుకలోనే మెట్లు చెక్కి ఉంటాయి. రాత్రంతా ఊరిన నీళ్ళు తెల్లవారుజామున అద్దంలా ఉంటాయి, పదిమంది దిగి ముంచాక కలకబారతాయి. వదిన గడియారం ఐదు కొట్టగానే లేచి ఇత్తడి బిందె తీసుకునేది. ఎన్నో తడవలు తిరిగితే గాని తొట్టి నిండదు.

ఆమెకు గడియారమంటే ఇష్టం. చూడటం నేర్పమని అడిగింది. నేర్పాను. ఒక్కపూటలో పట్టుకున్నది. "ఈ చిన్న ముల్లు మా నాయన. ఉండేచోటు నుంచి కదలడు, అయినా అందరూ ఆయన్నే చూస్తారు. పెద్ద ముల్లు నేను, ఇల్లంతా తిరగాల" అన్నది. "మరి నేను?" అన్నాను. "నువ్వు ఆ ఊగే గుండువి. అటు స్కూలు, ఇటు ఇల్లు" అన్నది.

ఆ మరుసటి ఏడాది దసరా సెలవులయ్యాక మొదటి రోజు నేను స్కూలుకు పోతే తలుపులకు తాళాలున్నాయి. పిల్లలు లేరు. వరండాలో కూర్చున్నాను. హెడ్మాస్టరు పద్మనాభయ్య గారు తాపీగా వచ్చి, "ఏమ్మా, ఇంట్లో పనేం లేదా ఇంత పెందలాడే వచ్చినావు?" అన్నారు. ఆయన గదిలో రేడియో ఉంది, వార్తల ముందు టైము చెబుతారు. దాని ప్రకారం మా ఇంటి గడియారం అరగంట ముందుంది. ఆయనే మళ్ళీ, "వచ్చినావు గదా, ఈ హాజరుపట్టీలకు గీతలు గీసిపెట్టు" అన్నారు. స్కూల్లో గీతలు గీయడం, ఇన్‌స్పెక్టరు వస్తే కాఫీ కలపడం నా పనులు. ఎవరూ అలా రాసి పెట్టలేదు, అందరికీ తెలుసు, అంతే.

ఇంటికొచ్చి ఆయనతో చెప్పాను, గడియారం ముందుకు పోతోందని. ఆయన తన చేతి గడియారం చూసుకుని, "ముందుంటే నష్టమేముంది? వెనకుంటే గదా నష్టం" అన్నారు. అప్పుడు గమనించాను. మామగారు గోడ గడియారం చూడటం మానేశారు. "రంగా, నీ దాంట్లో ఎంతరా?" అని కొడుకును అడుగుతున్నారు. ఆ ఇంట్లో మగవాళ్ళు చేతి గడియారం మీద నడుస్తున్నారు, ఆడవాళ్ళం గోడ గడియారం మీద నడుస్తున్నాం. మేం లేచేది అరగంట ముందు. పొయ్యి వెలిగించేది అరగంట ముందు. వాళ్ళు తినేది మాత్రం వాళ్ళ వేళకే. మేం పడుకునేదీ వాళ్ళు తిన్నాకే. అంటే అరగంట ఎక్కడ పోయిందో లెక్క తెలుస్తూనే ఉంది. మా నిద్రలోంచి పోయింది.

నాకన్నా ముందే వదిన ఒంటి మీద అది కనిపించింది. ఆమెకు అప్పటికే దగ్గు. తెల్లవారుజామున ఇసుకలో మంచు, తడి చీర. రోకలి పట్టుకుని నిలబడి కునికేది. ఒకరోజు పొయ్యి ముందు తూలి గంజి చేతిమీద పోసుకుంది. మండుతున్న చేతిని తొట్టిలో ముంచి, "ఏం లేదులే, అరవొద్దు, నాయన భోజనం చేస్తుండాడు" అన్నది. నేను ముత్తుకూరు ఆస్పత్రి నుంచి మందు తెచ్చాను. అక్కడి నర్సు హెబ్రోనమ్మ, ఆమెకు కావలసింది మందు కాదు పంతులమ్మా, నిద్ర అన్నది. నిద్ర ఎక్కడ దొరుకుతుందో ఆమె రాసివ్వలేదు.

అప్పుడు కాగితం గుర్తొచ్చింది. ముల్లు తిప్పితే వెంటనే పట్టుబడతాను. మర వదులు చేస్తే పట్టుబడను. ఆదివారం కీ ఇవ్వడం నా భర్త పని, గడియారం దుమ్ము తుడవడం నా పని. తుడుస్తూ, గుండు కింది మరను అరచుట్టు వదులు చేశాను. గుండు వెంట్రుకవాసి కిందికి దిగింది. గడియారం రోజుకు కొద్ది నిమిషాలు వెనకబడటం మొదలైంది. ఆ కొద్ది నిమిషాలూ నేను వదినకు నిద్రగా తెచ్చిపెడుతున్నాను. అంత సంతోషం నాకు డిగ్రీ చేతికొచ్చిన రోజు కూడా లేదు. స్కూల్లో పాఠం చెబుతుండగా కూడా, ఈ రోజు ఎంత వచ్చిందో, రేపటికి ఎంత అవుతుందో అని మనసులో చిన్నగా కూడుకుంటూ ఉండేదాన్ని.

"ఈ మధ్య రాత్రిళ్ళు పొడుగైనట్టుండాయే అమ్మాయ్" అన్నది వదిన ఒక రోజు, బియ్యం చెరుగుతూ, నా మొహం చూడకుండా.

"చలికాలం గదా వదినా."

"ఆఁ, చలికాలమేలే."

రెండో ఆదివారం నా భర్త కీ ఇస్తూ, చేతి గడియారం పక్కన పెట్టి చూసి, ఆగిపోయారు. "దీనికీ నా వాచీకీ అరగంట తేడా ఉండాల. సగమే ఉండాది. ఎవురు చెయ్యి పెట్టినారు?"

తేడా ఉండకూడదు అనలేదు. ఉండాలన్నారు. అంటే అది చెడిపోవడం కాదు, పెట్టింది.

"నేనే. సరిచేస్తుండా" అన్నాను.

"నిన్నెవురు సరిచెయ్యమన్నారు? నీ బి.ఏ. స్కూల్లో చూపించుకో, మా గోడ మీద కాదు."

"ఎందుకు ముందు పెట్టినారో చెప్పండి, ముట్టుకోను."

మామగారు కుర్చీలోంచి జవాబు చెప్పారు. కసురుకోలేదు, నెమ్మదిగానే చెప్పారు. "ఊరంతా దిగి కలకబెట్టకముందే మనింటికి తేట నీళ్ళు రావాలమ్మా. నీకూ మంచిదే గదా, స్కూలుకు అందరికన్నా ముందు పోతావు, మంచి పేరొస్తది." నా భర్త మరను బిగించి, ముల్లును ముందుకు తోశారు. మధ్యలో గంటలు కొట్టింది. ఆ రోజు నుంచి గడియారం తలుపుకు చిన్న తాళం పడింది, తాళంచెవి మామగారి మొలతాడుకు చేరింది. దుమ్ము పైపైన తుడిస్తే చాలన్నారు.

వదినతో చెప్పేశాను. అది ఐదు కొట్టినప్పుడు ఐదు కాదు, ఇంకా అరగంట పడుకో అని. ఆమె పేడ కలుపుతోంది. చెయ్యి ఆపలేదు.

"నాకు తెలుసు."

"తెలుసా? ఎట్లా?"

"చుక్క ఏడుండాదో కనపడదా నాకు? గడియారం నేర్చుకోకముందు దేన్ని చూసి లేచినాననుకున్నావు?"

"మరి తెలిసి కూడా ఎందుకు పోతావు?"

ఆమె చేతి పేడ తొట్టి అంచుకు రాసి, లేచి నిలబడి, నా తలమీద పడిన గడ్డిపోచ మోచేత్తో తీసేసింది. "ఊరుకో అమ్మాయ్. నా కోసం నువ్వు తిట్లు తినొద్దు. కొన్ని అడక్కుండా ఉంటేనే ఇంట్లో ఉండగలం." తేట నీళ్ళ కోసమే గదా అనుకుని నేను ఊరుకున్నాను. ఆమె ఇంకేదో చెప్పకుండా ఆపుకుందని అప్పుడు అనుకోలేదు.

కార్తీకంలో వాయుగుండం వచ్చి నాలుగైదు రోజులు ముసురు పట్టింది. వాన వెలిసిన మర్నాడు, ఇంకా మబ్బు ఉండగానే, గడియారం ఐదు కొట్టింది. వదిన బిందె తీసుకుని పోయిన చప్పుడు విన్నాను. తరువాత నేను లేచి పొయ్యి వెలిగించాను, బియ్యం కడిగాను. తెల్లగా తెల్లవారింది. పాలెం నుంచి చేపలు తెచ్చే కామమ్మ మా వాకిట్లోకి గంప లేకుండా వచ్చింది. ఒళ్ళంతా తడి ఇసుక.

"రండమ్మా, మీ చెంచమ్మ... దొరువు గట్టు జారిపోయుండాది. మా వోళ్ళు తీస్తుండారు."

వాన నీళ్ళకు ఇసుక గట్టు లోపల డొల్లపడింది. చీకట్లో పైకి మామూలుగానే కనిపించి ఉంటుంది. మెట్టు మీద కాలు పెట్టగానే ఆ పక్క గట్టంతా ఆమెతో సహా లోపలికి దిగింది. నేను పోయేసరికి ఆమెను బయటకు తీసి ఇసుక మీద పడుకోబెట్టారు. బిందె ఆమె పక్కనే పెట్టారు. కామమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని అన్న మాట నేను మరిచిపోలేదు. "మేమొచ్చేతలికి ఎలుగొచ్చింది. మిగిలిన గట్టు నెర్రెలిచ్చి ఉండేది దూరాన్నించే కనపడింది, మేం ఆగిపోయినాం. ఈయమ్మ ఒక్క రవ్వ ఎనకొచ్చుంటే తానూ చూసుండు గదమ్మా. ఎందుకంత చీకట్లో రావాలంట రోజూ?"

ఒక్క రవ్వ. మా ఇంటి గోడమీద ఆ రవ్వ ఎంతో నాకు తెలుసు.

కర్మ జరిగింది. బంధువులు వచ్చి పోయారు. అదృష్టవంతురాలు, పోయి బతికిందన్నారు కొందరు. నేను సెలవు పెట్టాను. పెద్దదినం అయిపోయిన మర్నాడు పగలు భోజనాలయ్యాక అందరం నడవలో ఉన్నాం. అత్తగారు చింతపండు గింజలు తీస్తోంది. మామగారు కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నారు. కళ్ళు తెరవకుండానే అన్నారు.

"రంగా, ఇంక ఆ గడియారం సరిచేసెయ్. ఇప్పుడు ముందుండాల్సిన పనేముండాది?"

ఆయన మొలతాడు నుంచి తాళంచెవి తీసి ఇచ్చారు. నా భర్త బల్ల తెచ్చారు. మొదటిసారి బల్ల ఆయనే మోసుకొచ్చారు.

నాకు అర్థం కాలేదు. నిజంగానే కాలేదు. "మరి తేట నీళ్ళు మామా? నీళ్ళు ఇప్పుడు నేను తేవాల గదా" అన్నాను.

చింతపండు గింజ ఒకటి పళ్ళెంలో పడింది. మా అత్తగారు తల ఎత్తకుండా చెప్పింది. "తేట నీళ్ళేంది పిచ్చిదానా. మీ మామ పొద్దున్నే పొలానికి గడప దాటే వేళకి అది నీళ్ళ బిందెతో ఎదురొస్తుండె. బొట్టు లేని మనిషి బిందెతో ఎదురొస్తే ఎట్టా? ఆ ఏడు ఎద్దు చచ్చిపాయె, పైరు తెగులు బట్టె. కన్నకూతురితో, నాకు ఎదురు రావొద్దని మొహాన ఎట్టా చెప్తాడు? మొహాన చెప్పలేక గడియారంతో చెప్పినాడు." ఇంకో గింజ తీసింది. మళ్ళీ తనే, అలవాటుగా, వల్లించినట్టు అన్నది. "నీకా బాధ లేదులే. నువ్వు ముత్తయిదువ్వి. నువ్వు నిండు బిందెతో ఎదురొస్తే ఆయనకు మంచిదే. సరిగ్గా ఆయన బయలుదేరేటప్పుడు వచ్చేట్టు చూసుకో. అందుకే సరిచెయ్యమంటుండేది."

కొన్ని అడక్కుండా ఉంటేనే ఇంట్లో ఉండగలం. ఆమెకు గడియారం తప్పని మాత్రమే కాదు, ఎందుకు తప్పో కూడా తెలుసు. తండ్రి ఇంత చేసి దాచిన మాటను ఆమె తెలియనట్టు నటించి ఆయన పరువు కాపాడింది. రోజూ చీకట్లో లేచి, తండ్రికి తన మొహం కనపడకుండా, ఆయన తాగే నీళ్ళు మోసింది. ఆ నీళ్ళకు అపశకునం లేదు. తొట్టిలో పోశాక అవి ఎవరు తెచ్చినవో నీళ్ళ మీద రాసి ఉండదు. ఇప్పుడు అదే బిందె, అదే దారి, అదే దొరువు, నా నుదుటి మీద బొట్టుంది కాబట్టి శుభం. నా భర్త బతికి ఉన్నంతకాలం నేను శుభం. ఆమెకూ నాకూ మధ్య ఉన్నదంతా ఒక మగవాడి ఊపిరి.

నా భర్త గడియారం తలుపు తీసి, వేలు పెట్టి లోలకాన్ని నిలిపారు. చేతి గడియారం విప్పి అరచేతిలో పెట్టుకుని బల్ల అంచున కూర్చున్నారు, కాలం వచ్చి అందుకునేదాకా ఆగడానికి. కాగితంలో చెప్పినట్టే చేస్తున్నారు. మొదటిసారి తప్పు లేకుండా చేస్తున్నారు. ఇల్లంతా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో మా మామగారి ముఖం తేలికపడటం చూశాను. అరగంట అయితే అంతా సరిపోతుంది. గోడ మీది కాలమూ చేతి మీది కాలమూ ఒకటవుతాయి. అసలు తేడా ఎప్పుడైనా ఉండేదని చెప్పడానికి ఈ ఇంట్లో ఏమీ మిగలదు.

లేచి వెళ్ళాను. ఆయన భుజం పక్కనుంచి చెయ్యి పెట్టి లోలకాన్ని ఊపాను. అది నడవసాగింది.

"ఏందే అది?" అన్నారు ఆయన.

"ఇది ఇట్లాగే ఉండనీండి."

"నీకేమన్నా పిచ్చా? సరిగా లేదు సరిగా లేదని పోరు పెట్టింది నువ్వే గదా!"

"అప్పుడు సరిచేసుంటే మనిషి ఉండేది. ఇప్పుడు ఎవరి కోసం?"

ఆయన మళ్ళీ వేలు పెట్టి నిలిపారు. నేను మళ్ళీ ఊపాను. ఆయన చెయ్యెత్తారు. ఎత్తిన చెయ్యి ఎటు పోయేదో నాకు తెలియదు, ఎందుకంటే అప్పుడు మా అత్తగారు చింతపండు పళ్ళెం పక్కకు తోసి, "ఉండనీరా" అన్నది. పెద్దగా అనలేదు. ఆమె ఆ ఇంట్లో మగవాడికి వద్దని చెప్పడం నేను వినడం అదే మొదలు. చేతులకు చింతపండు అంటుకుని ఉండగానే మొహం కప్పుకుంది. "అది నా బిడ్డ. ఉండనీ" అన్నది. కూతురు పోయాక ఆమె ఏడ్చింది అప్పుడే. ఎదురు రావొద్దన్న మాట మొదట ఎవరి నోట పుట్టిందో నేను అడగలేదు. అడిగి ఆమెను ఇంకా కొట్టాలనిపించలేదు.

మామగారు కుర్చీలోంచి లేచి పెరట్లోకి పోయారు. తాళంచెవి బల్లమీద ఉండిపోయింది. నేను తీసుకుని నా తాళికి గుచ్చుకున్నాను.

మర్నాటి నుంచి నేను వెలుగొచ్చాకే దొరువుకు పోతున్నాను. కామమ్మా నేనూ కలిసి దిగుతాం. నీళ్ళు కొంచెం కలకగా ఉంటాయి, ఇంటికొచ్చి ఇండుపగింజ అరగదీసి తేర్చుకుంటాం. నేను వాకిలి వైపు నుంచి రాను. పెరటి తడిక తోసుకుని వస్తాను. మా మామగారు బతికినన్నాళ్ళు ఒక్క రోజు కూడా ఆయన గడప దాటే వేళకి నిండు బిందెతో ఎదురు పోలేదు. ఆయన నన్ను అడగనూ లేదు. కొన్నాళ్ళు గడప దగ్గర నిలబడి కొంచెం సేపు ఎదురుచూసి, ఆ తరువాత పోయేవారు.

ఇది రాసేనాటికి ఏళ్ళు గడిచాయి. గడియారం ఇప్పటికీ అరగంట ముందే నడుస్తోంది. ఆదివారం కీ నేనే ఇస్తాను, మరను నేనే చూసుకుంటాను. ఆ తేడా పెరగనివ్వను, తగ్గనివ్వను. చుట్టాలు వచ్చి, "గడియారం తప్పు నడుస్తుండాదే పంతులమ్మా, నువ్వుండి కూడానా?" అంటారు. అప్పుడు కూర్చోబెట్టి చెబుతాను. కొందరు వింటారు, కొందరు కాఫీ తాగి లేస్తారు.

మీరు మా ఊరు రాలేరు, మా గడియారం చూడలేరు. అందుకే రాశాను. మీ ఇంట్లో మీరు లేచేసరికి తొట్టి నిండి ఉంటే, ఎవరు నింపారో, వాళ్ళు ఎవరి కంట పడకుండా నింపారో ఒక్కసారి అడగండి. మా ఇంట్లో నింపిన మనిషి పేరు చెంచమ్మ. ఆమెకు ఫోటో లేదు, పిల్లలు లేరు. దయచేసి ఆమెను గుర్తుపెట్టుకోండి.